బొల్లోడి పలుపు

చిత్తూరు దగ్గర,
పశువుల టీకా మందు కొట్టాల నుంచి.

ప్రభువునందు ప్రియమైన నాయనగారికి, మీ పాదాల దగ్గర తల వంచి పెద్ద కొడుకు సమాధానం అనే నేను రాసుకునేది.

ఆయన కాపుదల వల్ల నేను ఇక్కడ ఒంటికి బాగానే ఉన్నాను. మీరూ చెల్లెలు శాంతమ్మా అక్కడ చల్లగా ఉన్నారని వినాలని నా ఆశ. మీ దగ్గు తగ్గిందా? మగ్గం గుంట పక్కన చల్లటి నేల మీద పడుకోవద్దని ఎన్నిసార్లు చెప్పినా వినరు. మంచం నేసి ఉంది కదా, దాని మీద పడుకోండి. మిరియాల కషాయం మానకండి. నూలు ఏమైనా దొరుకుతున్నదా, లేక యుద్ధం పేరు చెప్పి ఇంకా ఖాళీ చేతులతోనే పంపుతున్నారా? మగ్గం ఆడక ఇల్లు మూగబోయి ఉంటుందని తలుచుకుంటే ఇక్కడ నాకు అన్నం సయించదు. అయినా బెంగ పెట్టుకోకండి, నేను బాగానే ఉన్నాను.

ఈ ఉత్తరం శాంతమ్మే చదివి వినిపిస్తుందని నాకు తెలుసు. అమ్మీ శాంతమ్మా, గబగబా చదవకు. నాయన ‘ఊఁ’ అన్నాక తర్వాతి మాటకు పో. మధ్యలో నీకు ఏడుపు వస్తే కాగితం కింద పెట్టి, నీళ్లు తాగి, మళ్లీ మొదలుపెట్టు.

మీరు రాయించిన ఉత్తరం అందింది నాయనా. కోతపండుగకు సెలవు పెట్టి రమ్మనీ, వధింపబడిన గొర్రెపిల్లను గురించి పోయినేడు చెప్పినట్టే పందిరి అదిరేలా చెప్పమనీ రాయించారు. దానికి జవాబు చివర రాస్తాను. ముందు ఇక్కడ జరిగింది చెప్పాలి, లేకపోతే నా జవాబు మీకు పొగరుగా కనబడుతుంది.

నేను వచ్చిన కొత్తలో నా పని గడ్డి కొట్టంలో. చొప్ప నరకడం, గాడిలో వేయడం, నీళ్లు తోడి పోయడం. మగ్గం గుంటలో కూర్చుని అలవాటైన కాళ్లు కదా, మొదట్లో పిక్కలు పట్టేసి రాత్రిపూట మూలిగేవాడిని. ఇప్పుడు అలవాటైంది. తిండికి లోటు లేదు. రాగిసంగటి, ఊరిబిండి. వారానికి ఒకరోజు రేషను బియ్యం, అందులో సగం మన్ను. వానలు పడేదాకా ఎండలు మాత్రం అగ్నిగుండమే. నీవా ఏరు ఎండి ఇసుక తేలితే, చెలమలు తవ్వి నీళ్లు మోసుకున్నాం. పొద్దున లేచి చూస్తే మన నగరి ముక్కు కొండ కనబడదు. ఆ కొండ లేని ఆకాశం నాకు ఇప్పటికీ పరాయి ఇల్లులాగే ఉంది.

తోడు లేకుండా లేను. ఖాదర్ బాషా అని ఒకాయన ఉన్నాడు. తాతల నాటి నుంచి సంతల్లో ఎద్దుల బేరం చేసిన వంశం. ఎద్దు నడక చూసి అది ఏ ఊరి నీళ్లు తాగిందో చెబుతాడు. నేను తెల్లవారుతూనే గడ్డి వేస్తూ వాక్యం పైకి చెప్పుకుంటాను కదా, ఆయనకు అది వేడుక.

“ఏం పాదిరీ, ఎద్దులకు బాప్తీసం ఎప్పుడిస్తా ఉండావు? తొట్టిలో నీళ్లు తక్కువగా ఉండాయి, సూసి ముంచు” అనేవాడు.

“ముందు నువ్వు మారు బాషా, ఎద్దులు నిన్ను చూసి మారతాయి” అనేవాడిని నేను.

“నేను మారిపోతే పొద్దన్నే నీకు టీ ఎవురు కాస్తారబ్బా?”

అలా రోజులు పోయేవి. కడుపు నిండా తింటున్నాను, బెంగ పెట్టుకోకండి.

ఇక్కడ ఏం చేస్తారో మీకు ఇంతవరకూ సరిగ్గా రాయలేదు. పశువులకు వచ్చే పెద్దరోగం మీకు తెలుసు. కళ్లు కారి, నోరు పుండై, నెత్తురు విరేచనాలు పట్టి, వారం తిరక్కుండా కొట్టాలకు కొట్టాలు ఖాళీ అయిపోతాయి. దానికి ఇక్కడ మందు చేస్తారు. ఆ రోగాన్ని మేకకు ఎక్కిస్తారు. మేక నుంచి మేకకు తిరిగి తిరిగి రోగం కోరలు అరుగుతాయట. చివరి మేకకు జ్వరం బాగా ఎక్కినప్పుడు దాన్ని కోసి, లోపలి ప్లీహం తీసి, ఎండబెట్టి పొడి చేసి, గాజు గొట్టాల్లో మూసిపెడతారు. ఆ పొడిని ఉప్పునీళ్లలో కలిపి ఎద్దుకు సూది వేస్తే కొద్దిరోజులు జ్వరం వచ్చి పోతుంది. ఆ తర్వాత పెద్దరోగం దాన్ని ముట్టదు.

ఇది మొదటిసారి విన్నప్పుడు నేను గడ్డి మోపు కింద పడేసి మోకాళ్లూనాను నాయనా! ప్రజల పాపమంతా నెత్తిన మోసుకుని అరణ్యానికి పోయే మేకను గురించి ఎన్ని పందిళ్లలో చెప్పాను! ఆ మేక నా కళ్ల ముందు నిలబడి ఆకులు నములుతున్నది. ఒకటి చచ్చి వేలు బతకడం చదివినవాడినే, ఇప్పుడు దాని గాడి కడుగుతున్నాను. ఆ ఊపు చూసే మా డాక్టరుగారు నన్ను సంతకు తీసుకుపోయారు.

మందు చేసిన ప్రతిసారీ దాన్ని ముందు ఇక్కడి ఎద్దుల మీద చూసి, పని చేసిందంటేనే పల్లెలకు పంపుతారు. అందుకు రోగం ఎన్నడూ సోకని ఊళ్ల నుంచి కోడె వయసు ఎద్దులు కావాలి. పూతలపట్టు సంతకు పోయాం. ప్రభుత్వం మనుషులు ఎద్దులు కొంటున్నారంటే చాలు, రైతులు పారిపోతున్నారు. సైన్యం మాంసానికి పశువులను కొనేవాళ్లు ఊరూరా తిరుగుతున్నారు కదా, మేమూ వాళ్లమే అనుకున్నారు. డాక్టరుగారు నన్ను బండి ఎక్కించి, “సమాధానం, నీ గొంతు ఇప్పుడు వాడు” అన్నారు. వాడాను. ఐగుప్తు రాజు పశువుల మీద తెగులు పడిన కథ చెప్పాను. ఆ తెగులును ఆపే మందు మా కొట్టంలో తయారవుతున్నదని సంతంతా వినబడేలా చెప్పాను. జనం మూగారు.

ఆ గుంపులోంచి ఒక ముసలాయన ముందుకు వచ్చాడు. పేరు మునస్వామి. అక్కడికి దగ్గర పల్లెలో చిన్న మెట్ట రైతు. పక్కన నుదుట తెల్లమచ్చ ఉన్న ఎర్ర ఎద్దు.

“ఆడ కోత లేదు గదా సామీ?” అన్నాడు.

“లేదు తాతా. అది పశువుల ఆస్పత్రి. వేళకు మేత, వేళకు నీళ్లు.”

నాకు తెలిసింది అదే నాయనా. గడ్డి కొట్టం దాటి అప్పటికి నేను లోపలికి పోలేదు.

“ఇద్దరుండారు నాకు. ఈడు బొల్లోడు, ఇంటికాడ కర్రోడు. ఈ కరువులో ఇద్దరికీ మేత యాడ తెస్తును? ఒకడి ముందర గడ్డేసి ఇంకొకడి మొగం సూడలేక సస్తా ఉండా. ఈన్ని ఆస్పత్రిలో పెట్టుకోండి” అన్నాడు.

మిగతా రైతులందరూ ఎద్దును ఇచ్చేటప్పుడు తమ పలుపు విప్పి చంకలో పెట్టుకుని, మేం తెచ్చిన కొత్త తాళ్లు కట్టించారు. ఈయన మాత్రం దుడ్డు తీసుకుని, మెడకున్న పలుపుతోనే తెచ్చి నా చేతిలో పెట్టి, నా ముఖంలోకి చూశాడు. కిత్తనార పలుపు. నేతవాడి కన్ను కదా, వెంటనే పురి చూశాను. నారతో కలిపి ఒక ఎర్రచీర అంచు సన్నగా చించి పేనాడు. ఆ అంచు మన నగరి నేత, మీరు వేసేలాంటి ఎరుపు. ఇంత ముచ్చటైన పలుపును కూడా వదిలేస్తున్నాడే, ఎంత ధారాళం అనుకున్నాను. “దేవుడు నిన్ను దీవిస్తాడు తాతా” అని పుచ్చుకున్నాను. ఆయన సంతోషంగా తల ఊపి వెళ్లిపోయాడు.

ఆ తర్వాత నన్ను లోపలి కొట్టానికి మార్చారు. అక్కడ తెలిసింది. పది ఎద్దుల్లో ఎనిమిదింటికి టీకా వేస్తారు. రెంటికి వెయ్యరు. కొన్ని వారాలు ఆగి, పదింటికీ అసలైన రోగపు నెత్తురు ఎక్కిస్తారు. టీకా పడినవి నిలబడి, పడనివి పడిపోతే మందు మంచిదని అర్థం. ఆ రెండు ఎద్దులు ఏవన్నది చీట్లు వేసినట్టు ఇత్తడి బిళ్లలు తీసి తేలుస్తారు.

“నువ్వు దేవుడి మనిషివి, నువ్వే తియ్యి” అని డాక్టరుగారు నా ముందు డబ్బా పెట్టారు. “నేను తీస్తే నాకు నచ్చిన ఎద్దును దాచుకున్నానని బాషా అంటాడు.”

“అనక? మీరు ఆ మూల ఎద్దును ముద్దు జేసేది నేను సూడలేదా సార్?” అన్నాడు బాషా.

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. రెండు మేకల మీద యాజకుడు చీట్లు వేసిన సంగతి తలుచుకుంటూ, గంభీరంగా కళ్లు మూసుకుని చెయ్యి పెట్టాను. రెండో బిళ్ల బొల్లోడిది.

అప్పటికి అది నాకు ఒక ఎద్దు మాత్రమే. కొంచెం బాధ కలిగింది, మేకలను చూసి కలిగినంత బాధ. అంతే. తర్వాత వారం ముసలాయన గేటు దగ్గరికి వచ్చాడు.

గడ్డిమోపు నెత్తిన పెట్టుకుని ఆ దూరమంతా నడిచి వచ్చాడు. మోపు దించితే కింద గుండు.

“ఇదేంది తాతా?”

“తిరప్తికి పోయినా సామీ. బొల్లోడు సల్లగా ఉండాలని కొండెక్కి తలెంటికలు ఇచ్చొచ్చినా.”

ఇంకొకప్పుడైతే విగ్రహాల మీద నేను ఎలా విరుచుకుపడతానో మీకు తెలుసు. ఆ రోజు ఆ గుండు మీద ఎండ పడుతుంటే నా నోట ఒక్క వాక్యం రాలేదు.

“తింటా ఉండాడా? సంగటి కొంచిం నీళ్లల్లో పిసికి పెట్టు సామీ, ముక్కు ముంచి తాగుతాడు. కుడిపక్క ఎవురన్నా నిలబడితే బెదురుతాడు, వాడు ఎప్పుడూ కర్రోడికి ఎడమ పక్కనే గదా, ఆ పక్క వాడికి కర్రోడే ఉండాల. పలుపు ఉండాదా?”

“ఉంది తాతా, మెడకే ఉంది.”

“ఉంటే సాలు. నా పెండ్లాం చీర అంచు పేనినా దాంట్లో. ఆయమ్మ కళ్ల ముందర పుట్టినోడు వాడు.” ఆయన ముఖం విప్పారింది. “పలుపు ఆడుండాదంటే వాడు నావాడే. వానలు పడినాక వస్తా.”

నాకు అర్థం కాలేదు. సాయంత్రం టీ తాగుతూ బాషాకు చెప్పాను. ఆ సంత నాడు ఆయన మాతో రాలేదు, జ్వరంతో పడుకుని ఉన్నాడు.

గ్లాసు కింద పెట్టేశాడు. “పలుపుతో ఇచ్చినాడా? నువ్వు పట్టుకున్నావా?”

“పట్టుకున్నాను.”

“ఓరి నీ పాదిరీతనం పాడుగాను! ఎద్దును అమ్మేవోడు పలుపు ఇయ్యడబ్బా. పలుపు పాయనంటే ఇంట్లో లచ్చిమి పాయనే. పలుపుతో చేతికిచ్చినాడంటే మేపమని ఇచ్చినాడు. మళ్లీ తోలుకుపోతాడు. ఇది యాడైనా అంతే, పసిబిడ్డకు గూడా తెలుసు.”

“దుడ్డు తీసుకున్నాడు కదా బాషా?”

“తీసుకోకుంటే మీరు ఎద్దును పట్టుకుంటారా? పలుపు నీ చేతిలో పెట్టి నీ మొగం సూసింటాడే, సూడలేదా? కాదు తాతా అని నువ్వు విప్పి ఇయ్యలేదు. ఒప్పుకున్నావనుకున్నాడు.”

నాయనా, మనం దారాల వాళ్లం. పడుగు తెలుసు, పేక తెలుసు. పలుపు మనకేం తెలుసు? తాడు పురి చూశానే గాని దాని మాట చదవలేకపోయాను. చదువు రానివాడు వాక్యం తలకిందులుగా పట్టుకున్నట్టు పట్టుకున్నాను.

అప్పటికప్పుడే డాక్టరుగారి దగ్గరికి పరుగెత్తాను. రోగపు నెత్తురు ఎక్కించడానికి ఇంకా వ్యవధి ఉంది. కాళ్లు పట్టుకున్నంత పని చేశాను. ఆయన చెడ్డవాడు కాడు. వయసులో నాకంటే చిన్న. కుర్చీలోంచి లేచి కిటికీ దగ్గర నిలబడి అంతా విన్నారు.

“టీకా లేని ఎద్దు ఒక్కటైనా పడిపోకపోతే, టీకా ఉన్నవి మందు వల్లే నిలిచాయని ఎలా తెలుస్తుంది సమాధానం? మేం ఎక్కించిన రోగమే చచ్చిపోయి ఉండొచ్చు కదా. అట్లాంటి మందు పల్లెలకు పంపితే, వాళ్లు మనల్ని నమ్మి సూది వేయించుకుంటారు. తర్వాత రోగం వచ్చి ఊరు ఊరంతా ఊడ్చుకుపోతుంది.” మళ్లీ నావైపు తిరిగారు. “సరే. బయటి కొట్టంలో ఇంకా టీకా పడని ఎద్దులు ఉన్నాయి. నువ్వే పోయి ఒకదాన్ని చూపించు. బొల్లోడి బదులు దాన్ని పెడతాను.”

ఎంత సంతోషంతో పోయానో! బయటి కొట్టంలో ఎద్దులు వరుసగా నిలబడి ఉన్నాయి. అన్నిటి మెడలకూ కొత్త తాళ్లు. వాటి యజమానులు పలుపులు విప్పుకుని వెళ్లిపోయారు. వాటి కోసం గడ్డిమోపు నెత్తిన పెట్టుకుని ఎవరూ రారు. అందుకే వాటిలో ఒకదాన్ని చూపించడం తేలిక కావాలి. మొదటిదాని దగ్గరికి పోయాను. అది తల ఎత్తి నా చెయ్యి వాసన చూసింది. రెండోది నా చొక్కా కొస నమిలింది. చివర ఒక బక్క ఎద్దు గోడవైపు తిరిగి నిలబడి ఉంది. ఇదే అనుకున్నాను. వేలు పైకి లేచింది కూడా.

అడిగేవాళ్లు లేనిదాన్ని చూసి చావుకు చూపించడమా నేను ఇన్నేళ్లు చదివింది? దిక్కులేనివాళ్ల పక్షాన దేవుడున్నాడని ఏ ఊళ్లో అరవలేదు నేను? ఆ వేలు దింపేశాను నాయనా. కొట్టంలో ఆ కొస నుంచి ఈ కొసకు తిరిగి తిరిగి, దేవా నువ్వే చూపించు అని గొంతు పోయేలా అడిగాను. అంతకు ముందు నేను ఎప్పుడు పిలిచినా పలికిన దేవుడు ఆ రోజు ఎద్దుల కంటే మౌనంగా ఉన్నాడు.

ఉత్త చేతులతో తిరిగి వచ్చాను. బిళ్ల ఎట్లా పడిందో అట్లాగే జరిగింది.

ఆ రోజులను గురించి ఎక్కువ రాయను, శాంతమ్మకు చదవడం కష్టం. నెత్తురు ఎక్కించాక కొద్దిరోజులకు బొల్లోడికి జ్వరం వచ్చింది. కళ్లలో నీళ్లు, చిగుళ్ల మీద తవుడు చల్లినట్టు తెల్లటి పొక్కులు. ఆ నోటితో మేత ఎలా తింటాడు? మందు ఏదీ వెయ్యకూడదు గాని తిండి పెట్టొచ్చన్నారు. సంగటి నీళ్లలో పిసికి పెట్టాను. ముక్కు ముంచాడు. తాగలేదు, నన్ను సంతోషపెట్టడానికి ముంచినట్టు ముంచాడు. నేను ఎప్పుడూ కుడిపక్కకు పోలేదు నాయనా. ఎడమ పక్కనే కూర్చున్నాను.

వాడు పడిపోయిన రోజునే ముసలాయన మళ్లీ వచ్చాడు. రోగం ఉన్న కొట్టం కాబట్టి లోపలికి రానివ్వరు. గేటు అవతల నుంచి, “ఒక్క తూరి పిలుస్తా సామీ” అన్నాడు. నేను వద్దనేలోపే రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టి, “బొల్లా! ఓ బొల్లా! దా నాయనా!” అని కేకేశాడు.

లోపల నేల మీద మెడ చాచి పడుకున్నవాడు తల ఎత్తాడట, బాషా చూశాడు. ఒక్కసారి అంబా అన్నాడు. గేటు దాకా వినబడింది.

ముసలాయన నా చెయ్యి పట్టుకుని ఊపేశాడు. “పలికినాడు సామీ! నా గొంతు మరవలేదు సూడు! బాగుండాడు!” కళ్లు తుడుచుకుంటూ, నవ్వుకుంటూ పోయాడు. ఆయన వీపు మలుపు తిరిగేదాకా నేను గేటు కడ్డీ పట్టుకుని నిలబడ్డాను. వాడు పడిపోయాడని నా నోరు చెప్పలేదు. మావాడు ఎక్కడ నోరు తెరిచినా కొండలు కదులుతాయని మీరు గర్వంగా చెప్పుకునేవారు కదా, ఆ నోరు.

మర్నాడు తెల్లవారుతుండగా బొల్లోడు పోయాడు. రెండోది ఆ సాయంత్రం పోయింది. టీకా పడిన ఎనిమిదీ గాడి దగ్గర నిలబడి చొప్ప నములుతున్నాయి. మందు మంచిది నాయనా. నిజంగానే మంచిది. డాక్టరుగారు ఆ మాట చెప్పి, టోపీ తీసి చేత్తో పట్టుకుని అక్కడే నిలబడ్డారు. ఎవరూ తవ్వి తోలు తీసుకోకుండా చర్మానికి గాట్లు పెట్టి, సున్నం పోసి, లోతుగా పూడ్చాం. వాటిని తాకినవన్నీ కాల్చేయాలి. గడ్డి, గోనెలు, తాళ్లు.

బొల్లోడి పలుపు నేను ఇవ్వలేదు. కాల్చనివ్వనని అడ్డం తిరిగాను. చివరికి డాక్టరుగారు చాకలి సోడా నీళ్లలో బాగా ఉడకబెడితే చాలన్నారు. మన ఇంట్లో నూలు ఉడకబెట్టినట్టే కుండ ఎక్కించి, కర్రతో తిప్పుతూ కూర్చున్నాను. నార తెల్లబడింది. ఆ ఎర్ర అంచు మాత్రం రంగు దిగలేదు. ఎవరు అద్దారో గాని మంచి అద్దకం.

రోగపు కొట్టంలో పనిచేసినవాళ్లం కొన్ని వారాలు పల్లెలవైపు పోకూడదు. ఆ గడువు తీరేసరికి వానలు పడ్డాయి. ఆ మందు తీసుకుని ఊరూరా సూదులు వేస్తూ మా బండి మునస్వామి ఊరికి కూడా పోయింది. దారిలో ఒక ప్రసంగం సిద్ధం చేసుకున్నాను. ఒకటి చచ్చి వేలను కాపాడిన సంగతి, తాతా నీ బొల్లోడు మామూలు ఎద్దు కాదు అన్న సంగతి. ఆయన మమ్మల్ని చేను గట్టు మీంచే చూసి, బండి వెనక ఏమైనా కట్టి ఉందేమోనని మెడ సాచి చూసుకుంటూ వచ్చాడు. ప్రసంగమంతా ఎటు పోయిందో. రెండు అరచేతుల మీద పలుపు పెట్టి చాచాను.

ఆయన దాన్ని తీసుకోలేదు. ఎర్ర అంచును వేలితో తాకి చూశాడు.

“ఉడకబెట్టినారా?”

“రోగం పోవాలని తాతా.” ఆ తర్వాత అంతా చెప్పాను. బిళ్ల తీసింది నేనే అని చెప్పాను. ఇంకోదాన్ని చూపించలేకపోయానని చెప్పాను. ఆయన తల వంచి విన్నాడు.

తల ఎత్తి అడిగాడు. “ఆ పొద్దు పిలిస్తే పలికినాడే. అప్పుడు బాగలేదా వాడికి?”

“లేదు తాతా.”

“బాగలేనప్పుడు గూడా పలికినాడు.”

తిడతాడనుకున్నాను. కొడితే బాగుండుననుకున్నాను. ఆయన కొట్టంలోకి పోయి కర్రోడిని తోలుకుని వచ్చాడు. ఒంటరి ఎద్దు. ఇప్పటికీ ఎడమ పక్క చోటు వదిలి నడుస్తున్నది. ముక్కుతాడు తనే పట్టుకుని, దాని ముఖం తన గుండెకు ఆనించుకుని, “వెయ్యండి” అన్నాడు. సూది పడింది. అప్పుడు డాక్టరుగారి వైపు కాదు, నావైపు చూసి అడిగాడు.

“ఈన్ని ఈడనే ఉండనిస్తారా?”

ఉండనిస్తాం తాతా అన్నాను. ఇంకేం అనగలను?

బయలుదేరేటప్పుడు పలుపు మళ్లీ ఇవ్వబోయాను. ఆయన రెండు చేతులూ వెనక్కి కట్టుకున్నాడు. “నేను తీసుకోను సామీ. తీసుకుంటే అమ్మినట్టే గదా. నేను అమ్మలేదు. నీ కాడ వదిలినాను. అది నీ కాడనే ఉండనీ.”

ఇప్పుడు అది నా గదిలో, వాక్యం సంచీ తగిలించే మేకుకే వేలాడుతున్నది. సంచీ తీసుకోవాలంటే ముందు దాన్ని పక్కకు జరపాలి.

ఇక మీ మాటకు జవాబు నాయనా. కోతపండుగకు వస్తాను. సెలవు ఇస్తామన్నారు. పందిట్లో మీ పక్కన చాప మీద కూర్చుంటాను, పాటలకు గొంతు కలుపుతాను. వాక్యం మాత్రం ఇంకెవరినైనా చెప్పమనండి. నేను తప్పిపోయానని అనుకోకండి. ప్రార్థన మానలేదు. ఆయన మీద అలిగాను, అంతే. అలగడానికైనా ఆయనే ఉన్నాడు.

కొడుకును బలి ఇవ్వడానికి కొండెక్కిన ఆ ముసలి తండ్రి కథ మీరే నాకు మొదట చెప్పారు, మగ్గం మీద కూర్చుని, నేను కండెలు చుడుతుంటే. చివరికి పొదలో కొమ్ములు చిక్కుకున్న పొట్టేలు కనబడిందనీ, కొడుకు బతికాడనీ చెప్పి మీరు చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను. నిన్న ఆ చోటు మళ్లీ తీసి చదివాను. ఆ పొట్టేలు ఎవరిదో అందులో రాయలేదు నాయనా. కొండ కింద నిలబడి దాన్ని పేరు పెట్టి పిలిచినవాళ్లు ఎవరైనా ఉన్నారేమో, అది పలికిందేమో, రాయలేదు. మీకు తెలిస్తే నేను వచ్చినప్పుడు చెప్పండి.

పెద్దమ్మకూ, పక్కింటి మామకూ, సంఘంలో పెద్దలందరికీ నా వందనాలు చెప్పండి. శాంతమ్మా, చింతచిగురు ఎండబెట్టి కొంచెం దాచిపెట్టు, వచ్చినప్పుడు తెచ్చుకుంటాను. బాషా నాకోసం రోజూ టీ కాస్తున్నాడు, బాప్తీసం మాట ఎత్తడం మానేశాడు. నేను బాగానే ఉన్నాను. బెంగ పెట్టుకోకండి.

మీ చెయ్యి నా తల మీద ఉందనుకుని ఇక్కడితో కలం దించుతున్నాను.

మీ దీవెన కోరే కొడుకు,
సమాధానం

శాంతమ్మా, చదవడం అయిపోయింది. నాయన ‘ఊఁ’ అనకపోతే తొందరపెట్టకు. ఆయన్ని కాసేపు అట్లాగే కూర్చోనీ.